ఈలపాట రఘురామయ్యగారు



మా తునిలో నేను బాలుఁడనై యుండఁగా, పొరుగింటి గ్రామఫోను పెట్టెనుండి రఘురామయ్యగారి పద్యము వినవచ్చెడిది. మనిషి కనఁబడకున్నను శ్రీకృష్ణుఁడు నాకుఁ గనఁబడెడివాఁడు.

కల్యాణం రఘురామయ్యగారు 1901వ సంవత్సరమున గుంటూరుజిల్లా సుద్దపల్లిలో జన్మించిరి. స్థానం నరసింహారావుగారి సత్యభామకు వీరు శ్రీకృష్ణులు. నోట వ్రేలుంచి యీలవేయుచు రాగమునేకాక పద్యమునుగూడఁ బలికించుటచే వీరికి ‘ఈలపాట’ యను పేరు స్థిరపడెను. 1933లో ‘పృథ్వీపుత్ర’తోఁ జలనచిత్రములఁ బ్రవేశించియు నాటకరంగమును విడువలేదు. 1975లో పద్మశ్రీ బిరుదము నంది, ఆ యేఁటనే దివంగతులైరి.

ఐరోపాయందు ‘ఒపేరా’ యను గేయనాటకమునఁ ‘టెనరు’ అనఁబడు నుచ్చకంఠగాయకుఁడు మైకు లేకయే వాద్యసమూహమును మించి వినఁబడును. మన పద్యనటులును నట్లే కడపటి వరుసవానికిఁ బ్రత్యక్షరము నందించిరి. గుక్క పట్టుట, శ్రుతి నిలుపుట, అక్షరము చెడకుండుట — ఈ మూఁడును నిత్యసాధనచే వచ్చినవే. మైకు వచ్చిన పిమ్మట గొంతునకు శ్రమ తగ్గెను. దానితో సాధనయుఁ దగ్గెను.

కావున మీకు వచ్చిన పద్యములను మీ మనుమలచేత మైకు లేకుండఁ బాడింపుఁడు. ప్లేటు అరిగిపోవును, నేర్చిన గొంతు మఱియొక గొంతునకు నేర్పును.