పంపకపు తెరమీద గళ్ళ అమరిక

నేత సంఘములలో సరకు పంపకపు చిట్టా ఇప్పుడు చాలచోట్ల కంప్యూటరు తెరమీదికి మారినది. సాఫ్టువేరు అమ్మువారు మాకు చూపిన నమూనాలలో ఒక్కొక్క పార్శిలునకు ఒక పెద్ద పెట్టె, దానిలో రంగుల బొమ్మలు, చుట్టును బోలెడు ఖాళీ. చూచుటకు ముచ్చటగనే యున్నది. కాని తెరకు ఆరు పెట్టెలే పట్టినచో, దీపావళి ముందు 60 పార్శిళ్ళు పంపు గుమాస్తా తెరను తొమ్మిదిమార్లు జరుపవలెను. మొదట చూచినది చివరకు వచ్చునప్పటికి జ్ఞాపకముండదు.

ఏది ముందు లారీ ఎక్కవలెను, ఏ రెండు ఒకే ఊరికి కలిపి పంపవచ్చును, ఏది దారిలో ఆగినది అనునవి పక్కపక్కన ఉన్నప్పుడే కంటికి తెలియును. కావున సమాచారము తగ్గించుట మేలని మేము తలంచుట లేదు. పార్శిలునకు ఒక వరుస చొప్పున, చిట్టా పుస్తకపు పుటలో పట్టినన్ని వరుసలు తెరకును పట్టవలెను.

దట్టముగా నున్నను చదువ వీలగుటెట్లు? ఇది నేతవారికి కొత్త సంగతి కాదు. చీర యంతటను జరీ నింపినచో అంచు కనబడదు. ఒడలు సాదాగా నుండబట్టియే కన్ను అంచుమీదికి పోవును. తెరమీదను సాధారణ వరుసలు నల్లని అక్షరములతో నుండవలెను. రంగు చిక్కులో పడినదానికే. ఎరుపు, ఆకుపచ్చలను వేరుపరచలేని చూపు కొందరు పురుషులకు పుట్టుకతోనే ఉండును గనుక, రంగుతోపాటు 'ఆగినది' అను మాటయు ఉండవలెను.

పేర్లు ఎడమకు, అంకెలు కుడికి ఆనించవలెను. అప్పుడే ఒకట్లక్రింద ఒకట్లు పడి, 9,500కును 95,000కును భేదము చూడగనే తెలియును. క్రిందికి జరిపినప్పుడు శీర్షికలు కదలరాదు. గీతలు సన్ననివి చాలును. అమెరికాలో ఎడ్వర్డ్ టఫ్టీ 1983లో ప్రచురించిన గ్రంథములో, పటములందలి సిరా అంకెలకే ఖర్చు కావలెనని వాదించెను.

అన్నింటికంటె ముఖ్యమైనది ఈ-వే బిల్లు గడువు. రాష్ట్రము దాటు సరకు విలువ 50,000 రూపాయలు మించినచో ఈ బిల్లు తప్పదు. 2021 జనవరి 1 నుండి సాధారణ సరకునకు 200 కిలోమీటర్లకు ఒక దినము చొప్పున గడువు. 630 కిలోమీటర్లయినచో 4 దినములు. గడువు తీరుటకు ముందు 8 గంటలు, తీరిన తరువాత 8 గంటలలోపలనే పొడిగించుకొనవచ్చును. అదియు దాటి లారీ పట్టుబడినచో సరకు ఆగును, జరిమానా పడును, కొనుగోలుదారుని సొమ్ము రాదు, నేసినవాని మజూరీ వెనుకబడును. కావున తేదీ వేసిన చాలదు. 'ఇంక 6 గంటలు' అని మిగిలిన కాలము చూపవలెను. తక్కువ మిగిలినది పైకి రావలెను. అయితే గుమాస్తా ఒక వరుసమీద పనిచేయుచుండగా వరుసలు తమంతట జరుగరాదు. జరిగినచో ఒకరి పార్శిలు మరొకరికి పోవును.

తమిళనాడు, కర్ణాటకములలో మన పిల్లలు ఇంట తెలుగు మాట్లాడినను, చదివినది తమిళమో కన్నడమో. శీర్షికలు తెర ముందు కూర్చుండువారు చదువగల లిపిలో ఉండవలెను. అభిమానమునకు తెలుగు పెట్టించి గుమాస్తాను తడబరచుట మాకు సమ్మతము కాదు.

అమ్మువారు తెచ్చు ఆరు పార్శిళ్ళ నమూనా ఏ తెరమీదనైన చక్కగనే కనబడును. సొమ్ము చెల్లించుటకు ముందు, కిందటి దీపావళి చిట్టానుండి ఒక రద్దీ దినపు వరుసలన్నియు ఎక్కించి చూపుమని అడుగవలెను. ఆ పరీక్ష పంపకపు గుమాస్తా చేతనే చేయించవలెను.