నాలుగు పళ్లూ కోస్తేనే నునుపు

మిల్లింగ్‌లో తయారైన ఏ ఉపరితలమైనా వరుసగా పడిన చాళ్లే. కట్టర్ తిరుగుతుంటే జాబ్ ముందుకు జరుగుతుంది, ఒక్కో పన్ను ఒక్కో చాలు తీసి పోతుంది. రెండు చాళ్ల నడుమ మిగిలిన గట్టే గరుకుదనానికి మూలం. డ్రాయింగుల్లో దీన్ని ‘ఆర్‌ఎ’ అనే సగటు విలువగా, మైక్రాన్లలో రాస్తారు. మామూలు మిల్లింగ్‌లో 3.2, జాగ్రత్తగా చేస్తే 1.6, ఇంకా శ్రద్ధ పెడితే 0.8 వస్తుంది.

ఫినిష్ రాలేదంటే ఫీడ్ తగ్గించాలన్నది హైదరాబాద్ బాలానగర్ నుంచి విజయవాడ ఆటోనగర్ దాకా షాపుల్లో స్థిరపడిపోయిన నమ్మకం. అందులో నిజం సగమే. గట్టు ఎత్తుకు ఒక లెక్క ఉంది: రెండు చాళ్ల మధ్య దూరాన్ని వర్గం చేసి, కట్టర్ వ్యాసార్థానికి ఎనిమిది రెట్లతో భాగించాలి. 10 మిల్లీమీటర్ల నాలుగు పళ్ల ఎండ్ మిల్‌తో నిలువు గోడను కోస్తూ పన్నుకు 0.1 మిల్లీమీటరు ఫీడ్ ఇస్తే గట్టు ఎత్తు 0.25 మైక్రాన్. ఆర్‌ఎ అందులో దాదాపు నాలుగో వంతు. అంటే ఆ ఫీడ్‌కే 0.8 సునాయాసంగా రావాలి. షాపులో రావడం లేదంటే తప్పు ఫీడ్‌ది కాదు.

నాలుగు పళ్ల గొర్రులో ఒక పన్ను మిగతావాటి కంటే కిందికి దిగి ఉందనుకుంటే, పొలంలో చివరికి కనబడేది ఆ ఒక్క పన్ను చాలే. మిగతా మూడూ పైపైన గీసుకుంటూ పోతాయి, చాళ్ల ఎడం నాలుగింతలవుతుంది. కట్టర్‌ను పట్టి ఉంచే కొలెట్‌లో అది కొద్దిగా పక్కకు కూర్చుంటే సరిగ్గా ఇదే జరుగుతుంది. కట్టర్‌కు డయల్ ఆనించి స్పిండిల్‌ను చేత్తో తిప్పితే ముల్లు రెండు గీతలు, అంటే 0.02 మిల్లీమీటరు, ఊగిందనుకుందాం. కట్టర్ కేంద్రం 10 మైక్రాన్లు పక్కకు జరిగినట్టు. ఆ వైపు పన్ను తన పొరుగు పళ్ల కంటే సుమారు 10 మైక్రాన్లు, ఎదురుగా ఉన్న పన్ను కంటే 20 మైక్రాన్లు బయటికి పొడుచుకొస్తుంది. ఇప్పుడు చాళ్ల దూరం 0.1 కాదు, ఒక చుట్టుకు పడే 0.4. దూరం నాలుగింతలైతే ఎత్తు పదహారింతలు: 0.25 కాస్తా 4 మైక్రాన్లవుతుంది. మిగతా పళ్లు సుమారు 10 మైక్రాన్లు, ఆపైన వెనకబడి ఉన్నాయి గనుక ఆ గట్లను అవి తాకనైనా తాకవు. ఆర్‌ఎ సుమారు 1కి చేరి, 0.8 అడిగిన జాబ్ తిరస్కరణకు గురవుతుంది. నాలుగు పళ్లకు డబ్బు పెట్టి ఒక్క పన్నుతో కోయించడమంటే ఇదే.

ఈ స్థితిలో ఫీడ్ తగ్గిస్తే కాగితం మీద గట్టు తగ్గుతుంది. కానీ గోడ మీద 0.2 మిల్లీమీటరు మాత్రమే తీసే ఫినిష్ కోతలో, పన్నుకు 0.1 ఫీడ్ ఇచ్చినా చిప్ గరిష్ఠ మందం 28 మైక్రాన్లే. ఫీడ్‌ను నాలుగో వంతుకు దించితే అది 7 మైక్రాన్లు. ఎంత పదునైన అంచుకైనా కొన్ని మైక్రాన్ల గుండ్రదనం ఉంటుంది. చిప్ అంతకంటే పలచనైతే అంచు కోయదు, రుద్దుతుంది. ఎండకు బిగుసుకున్న నేల మీద తేలిపోయే గొర్రుకు, ఈ పన్నుకు తేడా లేదు. 304 స్టెయిన్‌లెస్ స్టీల్‌ను ఇలా రుద్దితే పైపొర గట్టిపడి, తర్వాత వచ్చే పన్నును అరగదీస్తుంది. అందుకే ముందు ఊగు సరిచేయాలి, ఆ తర్వాతే ఫీడ్ ముట్టుకోవాలి.

కోత దిశ కూడా ముఖ్యమే. క్లైంబ్ మిల్లింగ్‌లో చిప్ మందంగా మొదలై పలచగా ముగుస్తుంది, ఫినిష్ బాగుంటుంది. కన్వెన్షనల్‌లో సున్నా మందం నుంచి మొదలవుతుంది గనుక మొదట కాసేపు రుద్దుడే. అయితే లీడ్‌స్క్రూ అరిగి ఆట ఉన్న పాత మిషన్లలో క్లైంబ్ చేస్తే కట్టర్ టేబుల్‌ను తనవైపు లాక్కుంటుంది. అక్కడ కన్వెన్షనలే క్షేమం.

కట్టర్ ఎంపికలో ముందు చూడాల్సింది కోయబోయే లోహం. అల్యూమినియానికి రెండు లేదా మూడు ఫ్లూట్లు, ఎక్కువ హెలిక్స్ కోణం, పాలిష్ చేసిన గాళ్లు ఉన్న కట్టర్ సరిపోతుంది. అల్యూమినియం కలిసిన కోటింగులు దీనికి పనికిరావు, చిప్ వాటికి అతుక్కుంటుంది. అతుక్కున్న లోహం తడి మట్టి పట్టిన కర్రులా అంచు ఆకారాన్నే మార్చేసి ముఖాన్ని చింపుతుంది. వేగం పెంచడం, కూలెంట్ బాగా పెట్టడం దీనికి మందు. ఉక్కుకు నాలుగు ఫ్లూట్లు, టైటానియం అల్యూమినియం నైట్రైడ్ పూత వాడుక. ఏ లోహానికైనా కట్టర్ వీలైనంత పొట్టిగా, లావుగా ఉండాలి. బయటికి ఉన్న పొడవు రెట్టింపైతే వంగడం ఎనిమిది రెట్లు, వ్యాసం సగమైతే పదహారు రెట్లు. గోడ మీద కనబడే అలలు ఎక్కువసార్లు ఈ వంగుడువే.

సంరక్షణ స్పిండిల్ టేపర్ దగ్గర మొదలవుతుంది. దసరా ఆయుధపూజకు మిషన్‌కు బొట్లు పెట్టి నిమ్మకాయలు కోసే షాపుల్లోనే ఆ టేపర్‌ను ఏడాది పొడవునా తుడవనివి ఉంటాయి. నిమ్మరసం ఉక్కును తింటుంది, టేపర్‌లో ఇరుక్కున్న ఒక్క చిప్ నెల పనిని తింటుంది. ఇఆర్ కొలెట్‌ను ముందు నట్‌లో వాల్చి టక్కుమనేలా కూర్చోబెట్టి, తర్వాత కట్టర్ దూర్చి, అప్పుడు హోల్డర్‌కు బిగించాలి. కొలెట్‌ను ముందే హోల్డర్‌లో పడేసి పైన నట్ తిప్పితే అది వంకరగా బిగుస్తుంది. షాంక్ కొలెట్ పొడవులో కనీసం మూడింట రెండొంతులు లోపల ఉండాలి. నోరు సాగిన కొలెట్‌ను పారేయడమే పొదుపు.

కూలెంట్ ఎక్కువైతే ఏ లోహానికైనా ఫినిష్ పెరుగుతుందన్నది ఇంకో భ్రమ. ఉక్కును వేగంగా కోసే కార్బైడ్ పన్ను కోతలో వేడెక్కి, బయటికొచ్చాక కూలెంట్ తగిలి చల్లబడుతుంది. ఈ వేడి, చలువల మార్పిడికి అంచుకు అడ్డంగా దువ్వెన పళ్లలా పగుళ్లు వస్తాయి. అక్కడ చిప్స్‌ను ఊదేసే గాలి చాలు.

ఫేస్ మిల్‌లో ఇన్సర్ట్ మార్చేటప్పుడు దాని సీటును తుడవాలి, అరిగిన స్క్రూను మళ్లీ వాడకూడదు. వైపర్ ఇన్సర్ట్ ఒకటి పెడితే దాని చదును అంచు మిగతావాటి గట్లను చెరిపేస్తుంది, ఒక చుట్టు ఫీడ్ ఆ అంచు వెడల్పు కంటే తక్కువ ఉన్నంతవరకే.

కట్టర్ మార్చడానికి విరిగేదాకా ఆగకూడదు. పార్శ్వపు అరుగుదల 0.3 మిల్లీమీటరుకు చేరితే ఆయుష్షు తీరినట్టని ప్రమాణాలు చెబుతాయి, ఫినిష్ కట్టర్‌కు అంతకు ముందే సెలవివ్వాలి. దాన్ని రఫింగ్‌కు వాడుకోవచ్చు. లేదా సికింద్రాబాద్‌లోని ప్రాగా టూల్స్ ఒకప్పుడు తయారుచేసిన టూల్ అండ్ కట్టర్ గ్రైండర్ల వంటివాటి మీద పదును పెట్టించవచ్చు. హైస్పీడ్ స్టీల్ (హెచ్‌ఎస్‌ఎస్) కట్టర్లకు తెల్ల అల్యూమినియం ఆక్సైడ్ వీల్, కార్బైడ్‌కు డైమండ్ వీల్ కావాలి. పదును పెట్టాక వ్యాసం తగ్గుతుంది గనుక కొత్త కొలతను మిషన్ ఆఫ్‌సెట్‌లో ఎక్కించాలి, అంచు మీద పోయిన పూతను మళ్లీ వేయించాలి. కట్టర్లన్నీ ఒకే డ్రాయర్‌లో దొర్లుతుంటే కార్బైడ్ అంచులు ఒకదానికొకటి తగిలి పెచ్చులూడతాయి. ఒక్కోదాన్నీ దాని ప్లాస్టిక్ గొట్టంలోనే తిరిగి పెట్టాలి.