ఆసుపత్రి ఆట

ఆసుపత్రి ఆట అనగా చికిత్స కొరకు వచ్చిన బాలబాలికల భయాన్ని తగ్గించడానికి, తమకు ఏమి జరగబోతున్నదో వారికి అర్థమయ్యేలా తెలపడానికి ఆటను సాధనంగా వాడే పద్ధతి. దీనిని కాలక్షేపంగా భావించరాదు. మానసిక సమస్యలకు నిపుణులు చేసే క్రీడాచికిత్స కూడా దీనికంటె వేరు. ఇక్కడ బిడ్డ మనసుకు జబ్బేమీ లేదు, ఎదుటనున్న పరిస్థితి భయం కలిగిస్తున్నది, అంతే.

భయానికి కారణాలు

రెండు మూడేళ్ల లోపు పిల్లలకు తల్లి కనబడకపోవడమే పెద్ద భయం. మూడు నుండి ఆరేళ్ల వారు జబ్బును తమ తప్పుకు శిక్షగా ఊహించుకొంటారు. మాటను ఉన్నదున్నట్లుగా తీసుకొంటారు కనుక "రక్తం తీస్తాము" అంటే ఒంట్లోని రక్తమంతా తీసేస్తారని అనుకోవచ్చును. బడి వయసు పిల్లలకు ఆపరేషన్ మధ్యలో మెలకువ వస్తుందేమోనన్న దిగులు ఉంటుంది. మన ఇళ్లలో "అల్లరి చేస్తే డాక్టరుచేత సూది వేయిస్తాను" అని బెదిరించడం మామూలే. ఆ మాట వింటూ పెరిగిన బిడ్డకు సూది శిక్షగా గాక మరెట్లా కనిపిస్తుంది?

పద్ధతి

ముఖ్య సాధనం ఒక గుడ్డబొమ్మ. దానితోపాటు నిజమైన స్టెతస్కోపు, కట్టుగుడ్డ, మత్తు ఇచ్చే మాస్కు, సూది తీసివేసిన సిరంజి ఇస్తారు. శిక్షకురాలు మొదట బొమ్మకు చేసి చూపుతుంది, తరువాత బిడ్డ చేస్తాడు. ఇంతవరకు అందరూ తనకేదో చేస్తూ ఉండగా, ఇప్పుడు తానే వైద్యుడు, బొమ్మ రోగి. ఈ తారుమారులోనే ఆట బలమంతా ఉన్నది. బిడ్డ మనసులోని అపోహ కూడా ఇక్కడే బయటపడుతుంది. గొంతులో టాన్సిల్స్ తీయవలసిన పిల్లవాడు బొమ్మ పొట్టకు కట్టు కట్టాడంటే, అతనికి మళ్లీ వివరించాలి.

మాటలు నిజమైనవై ఉండాలి. "చీమ కుట్టినట్లు కూడా ఉండదు" అని చెప్పి సూది గుచ్చితే, ఆ బిడ్డ తరువాత ఎవరినీ నమ్మడు. "కొంచెం నొప్పి పెడుతుంది, పది లెక్కపెట్టేలోగా అయిపోతుంది" అనడం మేలు. సూది వేసేటప్పుడు బల్లపై పడుకోబెట్టి నలుగురు అదిమిపట్టే బదులు తల్లి ఒడిలో కూర్చుండబెట్టి, సబ్బునీటి బుడగలు ఊదిస్తారు. బుడగ పగలకుండా ఊదాలంటే ఊపిరి నిదానంగా వదలాలి, దానితో ఒళ్లు సడలుతుంది. ఆటగదిలో మాత్రం ఏ చికిత్సా చేయరు. సూది రాని చోటు ఒకటి ఉన్నదని బిడ్డకు తెలియాలి.

ఎమ్మారై పరీక్షలో పెద్ద చప్పుళ్ల మధ్య చాలాసేపు కదలకుండా ఉండాలి. చిన్నపిల్లలకు తరచు మత్తు ఇవ్వవలసి వస్తుంది. ముందుగా నమూనా సొరంగంలో, రికార్డు చేసిన ఆ చప్పుళ్లు వినిపిస్తూ, మన పిల్లలాడే "స్టాచ్యూ" వంటి ఆట ఆడిస్తే కొందరికి మత్తు అవసరం లేకుండా పోతుంది. జీఈ సంస్థకు చెందిన డగ్ డీట్జ్ అమెరికాలోని పిట్స్‌బర్గ్ బాలల ఆసుపత్రిలో స్కానింగు గదిని సముద్రపు దొంగల ఓడగా తీర్చిదిద్దించాడు.

చరిత్ర

ఇరవయ్యో శతాబ్దపు మొదటి సగంలో పాశ్చాత్య దేశాల ఆసుపత్రులు తల్లిదండ్రులను కొద్ది సమయమే లోనికి రానిచ్చేవి. 1952లో లండన్‌లో జేమ్స్ రాబర్ట్‌సన్ ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉన్న రెండేళ్ల పాప లారాపై తీసిన చిత్రం ఆ మౌనవేదనను వైద్యుల కళ్లకు కట్టింది. 1959లో బ్రిటన్‌లో ప్లాట్ నివేదిక తల్లిదండ్రుల రాకపోకలపై ఆంక్షలు ఎత్తివేయాలని సూచించింది. అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో 1955లో ఎమ్మా ప్లాంక్ ఆసుపత్రిలోనే బాలల ఆటకు, చదువుకు ఒక విభాగాన్ని ప్రారంభించింది. ఆమెను పిలిపించినది నోబెల్ బహుమతి గ్రహీత ఫ్రెడరిక్ రాబిన్స్. ఆమె వైద్యురాలు కాదు, వియన్నాలో మాంటిస్సోరి పద్ధతిలో బోధించిన ఉపాధ్యాయురాలు. ఈ సంగతి గమనింపదగినది. ఆమె కృషి నుండి ఎదిగిన వృత్తినే నేడు "చైల్డ్ లైఫ్" అంటారు.

పరిమితులు

ఆట నొప్పిమందుకు ప్రత్యామ్నాయం కాదు. చర్మాన్ని మొద్దుబార్చే పూతమందు ఉండగా, బుడగలతో సరిపెట్టడం అన్యాయం. ప్రాణాపాయ సమయంలో బొమ్మతో వివరించే వ్యవధి ఉండదు. రద్దీగా ఉండే వార్డులలో నర్సులకు తీరిక దొరకడం కష్టమే, అయినా గుడ్డబొమ్మకు, సబ్బునీటికి పెద్ద ఖర్చు లేదు. ఆటవస్తువులను ఒకరి తరువాత ఒకరికి ఇచ్చేముందు శుభ్రపరచాలి. రోగనిరోధక శక్తి తగ్గిన పిల్లలకు, ముఖ్యంగా కాన్సర్ చికిత్స పొందేవారికి, ఇతరులు వాడిన గుడ్డబొమ్మలు ఇవ్వరాదు.