చల్లని గాలి అంతా మంచి గాలి కాదు



అమెరికా, కెనడాలలో స్థిరపడిన మన కుటుంబాల పిల్లలు ఎందరో ఐస్ రింకులకు వెళ్తుంటారు. పెద్ద హాలులో నేలంతా మంచు గడ్డకట్టించి, దానిపై స్కేటింగ్, హాకీ ఆడిస్తారు. అక్కడి గాలి చల్లగా ఉంటుంది గనుక శుభ్రంగా ఉందనుకుంటాం. అన్నివేళలా అలా ఉండదు.

స్కేట్ల రాపిడికి మంచు గరుకుబారుతుంది. ఆటల మధ్యలో ఒక బండి వచ్చి పైపొరను గీకి, నీళ్లు పరచి నున్నగా చేస్తుంది. 1949లో కాలిఫోర్నియాలో ఫ్రాంక్ జాంబోనీ దీన్ని తయారుచేశాడు. ఇలాంటి బండ్లు చాలావరకు ప్రొపేన్ గ్యాసుతోనో పెట్రోలుతోనో నడుస్తాయి. ఇంజను సరిగా లేకపోతే ఆ పొగ హాలులోనే పేరుకుంటుంది.

ఆ పొగలో రెండు విషవాయువులున్నాయి. మొదటిది కార్బన్ మోనాక్సైడ్. దీనికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, తలతిరుగుడు, వాంతులు దీని గుర్తులు. మోతాదు పెరిగితే ప్రాణాపాయం. రెండవది నైట్రోజన్ డయాక్సైడ్. ఇది ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. దగ్గు, ఆయాసం కొన్ని గంటల తర్వాత, ఇంటికి చేరాక కూడా మొదలు కావచ్చు. అందుకే తల్లిదండ్రులు జలుబు అనుకుని ఊరుకుంటారు.

చల్లగాలి బరువైనది, మంచు మీదనే నిలిచిపోతుంది. చుట్టూ ఉన్న అడ్డుగోడలు దాన్ని కదలనీయవు. కరెంటు ఖర్చు తగ్గించాలని ఫ్యాన్లు ఆపితే బయటి గాలి లోపలికి రాదు. సరిగ్గా అక్కడే పిల్లలు పరుగులు తీస్తూ గట్టిగా ఊపిరి పీలుస్తారు.

మిన్నెసోటా రాష్ట్రం 1973 నుండే దీనికి నిబంధనలు పెట్టింది. రింకు యజమాని గాలిని క్రమంగా కొలవాలి. పది లక్షల పాళ్ల గాలిలో కార్బన్ మోనాక్సైడ్ 20 పాళ్లు, నైట్రోజన్ డయాక్సైడ్ 0.3 పాళ్లు దాటితే సరిదిద్దాలి. ఇలాంటి చట్టం అన్ని రాష్ట్రాలలో లేదు. కాబట్టి మనమే అడగాలి: బండి బ్యాటరీతో నడుస్తుందా? గాలిని కొలుస్తున్నారా? ఫ్యాన్లు తిరుగుతున్నాయా?

ఒకేసారి పలువురికి తలనొప్పి వస్తే అది అలసట అనుకోవద్దు. వెంటనే అందరినీ బయటకు తీసుకురండి, అత్యవసర సేవలకు ఫోన్ చేయండి, రింకులో ఉన్న సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి.

మన ఊళ్లలోనూ కరెంటు పోయినప్పుడు మూసిన గదిలో జనరేటరు నడిపితే వచ్చేది ఈ కార్బన్ మోనాక్సైడే. దాన్ని ఎప్పుడూ ఆరుబయట, కిటికీలకు దూరంగా ఉంచండి. పసివారు గాలిని కొలవలేరు. వారి తరఫున అడగవలసినది పెద్దలమైన మనమే.