తీసిన గడ్డ ఎక్కడికి పోయింది?

రొమ్ము మీద చర్మంలో కందిగింజంత గట్టిగా ఏదో చేతికి తగులుతుంది. నొప్పి లేదు, చీము లేదు. రంగు కాస్త ఎర్రగానో గోధుమగానో మారి, పాత దెబ్బ తాలూకు మచ్చ ఉబ్బినట్టు ఉంటుంది. కొన్నేళ్లకు దాని మీదే మరో రెండు బుడిపెలు లేస్తాయి. రాజోలు పక్క పల్లెలో ఆర్.ఎం.పి.కి చూపిస్తే కొవ్వుగడ్డ అంటాడు. చర్మం డాక్టరు కీలాయిడ్ అనుకోవచ్చు. వాళ్లను తప్పు పట్టలేం, చాలాసార్లు అది వాళ్లన్నదే. ఏ కొద్దిమందిలోనో మాత్రం అది డెర్మటోఫైబ్రోసార్కోమా ప్రొట్యూబరాన్స్ అవుతుంది. నోరు తిరగని పేరు గనక డాక్టర్లు కూడా డి.ఎఫ్.ఎస్.పి. అనేస్తారు. 1924లో డారియే, ఫెరాన్ దీన్ని విడమరిచి వర్ణించారు, మరుసటి ఏడు హాఫ్‌మన్ ఈ పేరు పెట్టాడు. మామూలు రొమ్ము క్యాన్సర్ పాలగ్రంథుల్లో, నాళాల్లో పుడుతుంది. ఇది చర్మం లోపొరలో పుట్టే సార్కోమా. ఉండేది రొమ్ము మీదే గానీ దీని దారి వేరు.

అమెరికా లెక్కల్లో పది లక్షల మందికి ఏడాదికి సుమారు నలుగురిలో ఇది బయటపడుతుంది. 2011 జనగణన ప్రకారం ఇప్పటి కోనసీమ జిల్లా జనాభా 17 లక్షల పైచిలుకు. అదే లెక్క ఇక్కడా నిలుస్తుందనుకుంటే, ఒళ్లంతా కలిపి ఏడాదికి ఏడుగురు. అందులో ఎక్కువ భాగం వీపు, పొట్ట, భుజాల వాటా. రొమ్ము మీద వచ్చే కేసును అమలాపురంలో ఒక సర్జన్ సర్వీసు మొత్తంలో ఒక్కసారీ చూడకపోవచ్చు. ఇంత అరుదైన దాని కోసం ప్రతి గడ్డకూ పరీక్షలా అని ఎవరైనా అడిగితే, నా జవాబు ఆ ప్రశ్నలోనే ఉంది. ఎప్పుడూ చూడని దాన్ని ఎంత అనుభవజ్ఞుడైనా కంటితో పోల్చుకోలేడు. కన్ను పట్టుకోలేని దాన్ని అలవాటు పట్టుకోవాలి. ఆ అలవాటు రెండు ముక్కల్లో చెప్పొచ్చు: పెరుగుతున్న గడ్డను మొత్తం తీసే ముందు ముక్క పరీక్ష చేయించాలి, తీసిన ఏ గడ్డా చెత్తబుట్టలోకి పోకూడదు. దీనికి కావలసింది వెడల్పాటి మూత ఉన్న సీసా, అందులో ముక్కకు పదింతల ఫార్మలిన్, సీసా మీద పేరు. మైనర్ ఆపరేషన్ థియేటర్లో కుట్లు పడ్డాక బల్ల మీద మిగిలిన ఆ ముక్క గురించి ‘అది ఎక్కడికి పోయింది?’ అని అడిగే హక్కు రోగి ఇంటివాళ్లకు ఉంది. మనవాళ్లు బిల్లు గురించి అడుగుతారు, దీని గురించి అడగరు.

ఇంత పట్టుదల ఎందుకంటే, ఈ గడ్డ తుంగలాంటిది. పైన కనిపించేది పీకేస్తే చేను శుభ్రంగానే ఉంటుంది, మట్టిలో గడ్డలు మిగిలే ఉంటాయి. డి.ఎఫ్.ఎస్.పి. కణాలు చర్మం కింది కొవ్వులోకి సన్నని పోగుల్లా చొరబడతాయి. మైక్రోస్కోపు కింద ఆ కొవ్వు తేనెపట్టులా కనిపిస్తుంది. వేలికి తగిలేది అందులో కొంత మాత్రమే. అందుకే కొవ్వుగడ్డ అనుకుని ఒలిచి తీసేస్తే సగానికి సగం మందిలో కూడా తిరిగి రావచ్చు. చుట్టూ రెండు మూడు సెంటీమీటర్ల మంచి చర్మంతో, అడుగున కండరం మీది పొర దాకా తీస్తే ఆ భయం బాగా తగ్గుతుంది. రూపాయి బిళ్లంత దానికి అరచేయంత కోత ఏమిటని కడుపు తరుక్కుపోవడం సహజమే. కానీ మొదటిసారి పొదుపు చేసిన చర్మానికి రెండోసారి వడ్డీతో కట్టాల్సి వస్తుంది.

‘కత్తి పెడితే పాకుతుంది’ అనే భయం మన పల్లెల్లో గట్టిది. ఇందులో కొంత నిజముంది. సగం తీసిన గడ్డ మళ్లీ వస్తుంది, అది చూసి జనం కత్తిని తిడతారు. అలా జరిగేది, అది ఏ గడ్డో తెలుసుకోకుండా కోసినందుకే గానీ, పరీక్షకు ముక్క తీసినందుకు కాదు. సూది పరీక్ష ఒక్కటే ఇక్కడ తరచు చాలదు, నాలుగు పొడుగాటి కణాలు చూపించి ఊరుకుంటుంది. కొవ్వు దాకా దిగిన ముక్క కావాలి. దాన్ని సి.డి.34 రంగుతో పరీక్షిస్తే చాలా కేసుల్లో గుట్టు రట్టవుతుంది. అనుమానం మిగిలితే జన్యు పరీక్ష ఉంది: ఈ గడ్డలో 17వ, 22వ క్రోమోజోముల ముక్కలు అతుక్కుని, పెరగమనే ఆజ్ఞను కణం తనకు తానే ఇచ్చుకుంటూ ఉంటుంది.

రెండో వైపు పొరపాటూ ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. రొమ్ములో సార్కోమా అనగానే రొమ్ము మొత్తం, చంకలో గ్రంథులతో సహా తీసేయాలన్న తొందర. ఇది చంక గ్రంథులకు పాకడం చాలా అరుదు, దూరపు అవయవాలకు చేరడం కూడా నూటికి అయిదు లోపే. గ్రంథులు తీస్తే చెయ్యి వాచిపోయే ముప్పు మాత్రం మిగులుతుంది. రొమ్ము పరిమాణంతో పోలిస్తే గడ్డ మరీ పెద్దదైతే తప్ప రొమ్ము మొత్తం తీయనక్కర్లేదు. తీసిన ముక్క అంచులకు సిరా పూసి, ఏ వైపు ఏదో తెలిసేలా దారం కట్టి పంపుతారు. అంచుల్లో కణాలు లేవని రిపోర్టు వచ్చాకే వీపు కండరాన్ని తిప్పి కప్పడం లాంటి పెద్ద మరమ్మతు చేయడం మేలు. లేకపోతే మిగిలిన వేరు కొత్త చర్మం కింద దాక్కుంటుంది. ఆపరేషన్‌కు లొంగని కేసుల్లో రక్తక్యాన్సర్‌కు వాడే ఇమాటినిబ్ మాత్ర పనిచేయవచ్చు. అమెరికాలో 2006లోనే దీనికి అనుమతి వచ్చింది.

దూరం, ఖర్చు అన్న అభ్యంతరం ఒకటి మిగిలింది. ముక్క పరీక్షకు మనిషి కదలక్కర్లేదు, సీసా కదిలితే చాలు. అమలాపురంలో కిమ్స్ వైద్య కళాశాల ఉంది, యానాం ఎదుర్లంక వారధి దాటితే కాకినాడ రంగరాయ ఉంది. విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి దాకా వెళ్లాల్సింది రిపోర్టు తేడాగా వచ్చినవాళ్లే. ఎన్టీఆర్ వైద్య సేవ కింద చికిత్సకు అడగాలన్నా ముందు చేతిలో ఉండాల్సిన కాగితం అదే. ఆపరేషన్ అయ్యాక మొదటి మూడేళ్లలోనే ఎక్కువగా తిరగబెడుతుంది గనక, ఆర్నెల్లకోసారి మచ్చ చుట్టూ తడిమి చూపించుకోవాలి. రిపోర్టుతో పాటు మైనం బిళ్లను, అంటే ముక్కను పోతపోసిన బ్లాకును కూడా అడిగి తెచ్చుకుని బీరువాలో పెట్టుకోవాలి, ఎండ తగలకుండా. పదేళ్ల తర్వాత ఆ మచ్చ పక్కన ఏదైనా గట్టిగా తగిలితే, కొత్త డాక్టరు మొదట అడిగేది దాన్నే.