మద్యం మానదలచినవారికి తగిన సమావేశం

"అయ్యా, మందు మానడానికి మందు ఇవ్వండి" అని మా వైద్యశాలకు వచ్చేవారు తక్కువేమీ కాదు. ఎక్కువగా భర్తను వెంటబెట్టుకొని భార్యలే వస్తారు. కాలేయానికి, జఠరాగ్నికి, నిద్రకు ఔషధం ఇవ్వగలను. సాయంకాలం కాగానే దుకాణం వైపు నడిచే కాలిని ఆపే గుళిక మాత్రం నా వద్ద లేదు.

చరకసంహిత చికిత్సాస్థానంలో 24వ అధ్యాయం మదాత్యయ చికిత్స. మద్యం మానివేసి, హఠాత్తుగా మరల అతిగా త్రాగేవానికి ధ్వంసకం, విక్షయం అనే రెండు వ్యాధులు కలుగుతాయని, అవి దుశ్చికిత్స్యాలని అందులో చెప్పబడింది. మానడం ఒక ఎత్తు, మాని నిలవడం మరొక ఎత్తు అని పూర్వులు ఎరుగుదురు. అహితమైన విషయాల నుండి మనస్సును మరల్చే చికిత్సకు సత్వావజయమని పేరు. ఒంటరిగా ఇంట్లో కూర్చొని దీనిని సాధించడం కష్టం. అదే బాధపడి గట్టెక్కినవారి సాంగత్యం ఇందుకు గొప్ప సాధనం. ఆరు నెలలు సహవాసం చేస్తే వారు వీరవుతారన్న సామెత చెడు స్నేహాలకే కాదు, మంచి స్నేహాలకూ వర్తిస్తుంది.

1935లో అమెరికాలోని ఏక్రన్ నగరంలో బిల్ విల్సన్ అనే షేర్ల వ్యాపారి, బాబ్ స్మిత్ అనే శస్త్రవైద్యుడు కలిసి ప్రారంభించిన ఆల్కహాలిక్స్ ఎనానిమస్ ఇటువంటి సాంగత్యమే. ఇద్దరూ త్రాగుడుకు బానిసలైనవారే. హైదరాబాదు వంటి మన నగరాలలోనూ ఈ సంఘ సమావేశాలు జరుగుతున్నాయి. రుసుము లేదు. మానాలనే కోరిక తప్ప వేరే అర్హత అక్కరలేదు. ఇంటిపేరు, ఉద్యోగం చెప్పనవసరం లేదు. అక్కడ విన్నది బయట చెప్పరాదన్నది వారి కట్టుబాటు.

నాకు తెలిసిన ఒక ఉపాధ్యాయుడు నా మాట మీద ఒక సమావేశానికి వెళ్ళారు. ఆనాడు మాట్లాడిన వృద్ధుడు ఇల్లు అమ్ముకొని, వీధిలో పడి, జైలు చూసి వచ్చినవాడు. "నేనింకా అంతవరకు రాలేదు కదా" అనుకొని మాస్టారు మధ్యలోనే లేచి వచ్చి, ఆ రాత్రే త్రాగారు. నాలుగు మాసాల తరువాత కాళ్ళవాపుతో, ఉబ్బిన పొట్టతో నా ఎదుట కూర్చున్నారు. ఆసుపత్రి నుండి తిరిగి వచ్చాక మరొక పేటలోని సమావేశానికి పంపాను. అక్కడ ఒక గుమాస్తా, పుస్తకాల బీరువాలో సీసా దాచి భార్యతో అబద్ధమాడిన సంగతి చెప్పాడట. "నా కథ ఎవరో చదివినట్లయిందండీ" అన్నారు మాస్టారు. ఇప్పటికీ వెళుతున్నారు.

అందుచేత ఒక్క సమావేశం చూసి తీర్పు చెప్పరాదు. వేర్వేరు చోట్ల కనీసం ఐదారు చూడవలెను. ఓపెన్ మీటింగుకు బంధువులు, తెలుసుకోగోరేవారు ఎవరైనా రావచ్చు. క్లోజ్డ్ మీటింగు మానదలచినవారికే. సిగ్గుపడేవారు మొదట ఓపెన్ మీటింగుకు వెళ్ళి వెనుక వరుసలో మౌనంగా కూర్చోవచ్చు. మాట్లాడి తీరాలన్న నిర్బంధం లేదు. మీరు రోజూ త్రాగే వేళకు జరిగేది దొరికితే మరీ మంచిది, ఆ గంట గడిస్తే ఆ పూట గడిచినట్లే. మన వ్యథ మన భాషలోనే బయటకు వస్తుంది కనుక తెలుగులో మాట్లాడే బృందాన్ని విచారించవలెను. ముగిసిన తరువాత కొత్తవానిని ఎవరైనా పలకరిస్తున్నారా, రేపు ఫోను చేయమంటున్నారా అన్నది నా దృష్టిలో ముఖ్యమైన గుర్తు. ఎవరైనా డాక్టరు ఇచ్చిన మాత్రలు మానమంటే మాత్రం ఆ మాట వినవద్దు. అటువంటి సలహా ఇవ్వడం వారి పని కాదు.

ఏళ్ళ తరబడి ప్రతిదినం అధికంగా త్రాగేవారు సమావేశానికి ముందే వైద్యుని చూడవలెను. ఒక్కసారిగా ఆపితే చేతుల వణుకు, మూర్ఛలు, రెండు నుండి నాలుగు రోజులలో సన్నిపాతం వంటి మతిభ్రమ కలిగి ప్రాణాపాయం కావచ్చు. అహితమైన అలవాటును పాదం పాదంగా విడువమని చరకుడు చెప్పినా, దానిని ఇంట్లో స్వయంగా ప్రయోగించే సాహసం వద్దు. ఇది ఆసుపత్రిలో జరగవలసిన పని.

నా పొరపాటు ఒకటి చెప్పవలసి ఉన్నది. మూడు నెలలుగా మానిన ఒకనికి ఆకలి కోసం అలవాటుగా ద్రాక్షారిష్టం వ్రాసి ఇచ్చాను. నాలుగు రోజులకే ఇంకొక సీసా అడగడానికి వచ్చాడు. అప్పుడు గాని నాకు తట్టలేదు. అరిష్టాలు, ఆసవాలు పులియబెట్టి చేసేవి, వాటిలో స్వయంగా పుట్టిన మద్యం ఉంటుంది. మానినవారికి చూర్ణం, కషాయమే ఇవ్వవలెను. డైసల్ఫిరామ్ మాత్ర వాడేవారికి అరిష్టం తగిలితే వాంతులు, గుండెదడ కలిగి ప్రమాదం కూడా సంభవిస్తుంది. ఏ వైద్యుని వద్దకు వెళ్ళినా తాము మద్యం మానినట్లు ముందే చెప్పుకోవలెను.

సమావేశం ఎక్కడుందో తెలియనివారు 14446 అనే ప్రభుత్వ ఉచిత నంబరుకు ఫోను చేసి, సమీపంలోని వ్యసన విముక్తి కేంద్రాన్ని తెలుసుకొని, అక్కడ విచారించవచ్చు. కుటుంబీకులకు 1951 నుండి అల్-అనాన్ అనే వేరొక సంఘం ఉన్నది. భర్త రానని మొండికేసినా, భార్య తన కోసం తాను ముందుగా అక్కడికి వెళ్ళవచ్చు.