ఇరుకింట విశాలత

హైదరాబాదు నగరం ఉత్తర దిశగా విస్తరించే కొద్దీ మేడ్చల్ చెంతనున్న గౌడవెల్లి పరిసరాలలో పెంకుటిళ్ల సరసనే అపార్టుమెంట్లు వెలిశాయి. విశాలమైన లోగిలిని విడిచి రెండు గదుల ఫ్లాటులోనికి మారిన కుటుంబానికి తొలి సమస్య సామాను. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు గల గది వైశాల్యం 100 చదరపుటడుగులు. అందులో ఆరడుగుల వెడల్పు, ఆరున్నర అడుగుల పొడవు గల మంచం ఒక్కటే 39 చదరపుటడుగులను ఆక్రమిస్తుంది. బీరువా, బల్ల కూడా చేరితే పిల్లల చదువుకు, వృద్ధుల విశ్రాంతికి చోటు కరవవుతుంది.

బహుళ ప్రయోజనాలు గల ఫర్నిచరు ఈ సమస్యకు పరిష్కారం. అడుగున అరలున్న దివాను పగలు ఆసనం, రాత్రి శయ్య, ఎల్లవేళలా పెట్టె. గోడకు మడిచే బల్ల భోజనానికీ చదువుకూ పనికివస్తుంది. 20వ శతాబ్ది తొలినాళ్లలో అమెరికాలో విలియం మర్ఫీ రూపొందించిన మడత మంచం పగటివేళ నిటారుగా గోడలో ఒదిగిపోతుంది.

ఈ ఆలోచన మనకు కొత్తది కాదు. పూర్వుల భోషాణం విలువైన వస్తువులను దాచే పెట్టె; మూతపై పక్క పరిస్తే అదే మంచం. నులక మంచాన్ని తెల్లవారగానే గోడకు నిలబెట్టేవారు.

అయితే కొనే ముందు గదితో పాటు తలుపు తెరచుకొనే మేరను, మెట్ల మలుపును కూడా కొలవాలి. మడత మంచాన్ని దృఢమైన గోడకే బిగించాలి. దానిని నిత్యం ఎత్తి దించడం వృద్ధులకు కష్టం. వారికి స్థిరమైన మంచమే మేలు. అమరిక ముగిశాక పెద్దలకు పడక, పిల్లలకు చదువుకొనే మూల మిగిలితే ఆ చిన్న ఇల్లు చాలినదే.